పైనుంచి తీసిన ఫొటో చాలదు

ప్రశ్న: వానాకాలంలో అడవికి వెళ్లి పుట్టగొడుగుల ఫొటోలు తీస్తుంటాను. కొన్ని మీకూ పంపుతున్నాను. తెలిసినవారికి చూపిస్తే పేరు చెప్పలేమంటున్నారు. కోసి తెస్తే ఆ జాతికే నష్టమేమోనని భయం. నా శ్రమ పరిశోధనకు పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. అయితే మీ ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. గుర్తులు ఎక్కువగా గొడుగు కింద, కాడ అడుగున ఉంటాయి. కింద రేకులున్నాయా, సన్నని రంధ్రాలున్నాయా, రేకులు కాడకు అంటుకున్నాయా అన్నది ముందు చూడండి. కాడను పట్టి లాగకండి, అడుగు భాగం మట్టిలోనే తెగిపోతుంది. చుట్టూ మట్టిని చాకుతో వదులు చేసి తీయండి. అమానిటా అనే రకం పుట్టగొడుగుల్లో చాలావాటికి అక్కడ సంచిలాంటి తొడుగు ఉంటుంది. ప్రాణాలు తీసే జాతులు కొన్ని ఆ కుటుంబంలోనే ఉన్నాయి కనుక ఆ తొడుగు కనబడకుండా పోకూడదు.

ఒక గొడుగును రేకులు కిందికి ఉండేలా కాగితంపై పెట్టి గిన్నె బోర్లించండి. తెల్లారేసరికి సిద్ధబీజాల (విత్తనాల్లాంటి సన్నని పొడి, స్పోర్లు) ముద్ర పడుతుంది. క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అనే విషజాతికి లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముద్ర మాత్రం ఆకుపచ్చగా పడుతుంది. ఇదంతా గుర్తుపట్టడానికే, తినడానికి కాదు.

మిగిలినదాన్ని సుమారు 40 డిగ్రీల వేడిలో పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టి, చోటు, తేదీ రాసి, శిలీంధ్రాలను భద్రపరిచే హెర్బేరియానికి ఇవ్వండి. అందులోంచి డీఎన్ఏ తీయవచ్చు. భూమిపై 22 నుంచి 38 లక్షల శిలీంధ్ర జాతులు ఉండవచ్చని అంచనా. పేరు పెట్టినవి లక్షన్నర పైచిలుకే. పేరే లేని జాతి అంతరించిపోతోందని ఎవరు చెప్పగలరు?

కోయడం గురించి: అసలు జీవి నేలలో, కలపలో దారాలుగా అల్లుకుని ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 1975 నుంచి 29 ఏళ్లు గమనిస్తే కోత వల్ల దిగుబడి తగ్గలేదు, నేలను తొక్కడం వల్ల తగ్గింది. అది చలిదేశపు అడవే అయినా, అడుగులు జాగ్రత్తగా వేయమనే మీకూ చెబుతాను. అటవీ అధికారుల అనుమతితో ఒకటి రెండు తీసుకోండి, మిగతావి వదిలేయండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది అడవిని శుభ్రం చేస్తున్నామంటూ పడిన మానులను తీసేయడం, చెదపుట్టలను తవ్వేయడం. టెర్మిటోమైసిస్ అనే పుట్టగొడుగు, చెదలు పుట్టలో పెంచే శిలీంధ్రపు తోటలోంచే మొలుస్తుంది. పుట్ట పోతే అదీ పోతుంది. ఆసియా వర్షారణ్యాల్లోని డిప్టెరోకార్ప్ చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలకూ ఆ చెట్టే ఆధారం. అందుకే ఈసారి ఫొటోలతో పాటు పక్కనున్న చెట్టు ఆకు, బెరడు ఫొటోలు కూడా పంపండి.