అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్ఏ ఉంటే గుండె కణం, చర్మం కణం వేరువేరుగా ఎలా తయారవుతాయి?

వైజాగ్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. దీనికి అందరూ వంటల పుస్తకం పోలిక చెబుతారు: పుస్తకం ఒకటే, ఒక్కో కణం ఒక్కో పేజీ తీస్తుందని. ఏ పేజీ తియ్యాలో ఎవరు చెప్పారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే పక్కనున్న కణాలే చెబుతాయి.

ఒక ఏడాది పిల్లలకు కోడిపిండం చూపిద్దామనుకున్నాం. పూర్ణా మార్కెట్‌లో దొరికే ఫారం గుడ్లు పనికిరావు, ఆ పెట్టలకు పుంజు మొహమే తెలీదు. పెందుర్తి వైపు నాటుకోళ్లు పెంచే ఒకావిడ దగ్గర గుడ్లు తెచ్చి, ఇంక్యుబేటర్‌లో 38 డిగ్రీల దగ్గర పెట్టాం. కరెంటు పోయినప్పుడల్లా అటెండర్‌కీ నాకూ టెన్షనే. రికార్డు బుక్కులో బొమ్మ గీస్తే మార్కులు పడిపోయే చదువులో ఇదంతా ఎందుకని తోటి లెక్చరర్లు నవ్వారనుకోండి.

మూడో రోజు పెంకు పైభాగం చిన్నగా కత్తిరించి చూస్తే, పచ్చసొన మీద దారాల్లాంటి ఎర్రటి నాళాలు. మధ్యలో ఆవగింజంత చుక్క టకటకా కొట్టుకుంటోంది. "మేడమ్, కొట్టుకోమని దానికి మెదడు చెప్పిందా?" అని ఒకమ్మాయి అడిగింది. లేదమ్మా, నరాలు ఇంకా అక్కడిదాకా రానేలేదు. గుండె కండర కణాల్ని విడదీసి గాజు పళ్లెంలో పెంచినా వాటంతటవే కొట్టుకుంటాయి.

కోడిలో గుండె రెండో రోజే కొట్టుకోవడం మొదలెడుతుంది. అంతకు కొన్ని గంటల ముందు ఆ గుండె కణాలు ఉత్త కణాల పొర. కింద ఆనుకుని ఉన్న ఎండోడెర్మ్ (పిండం లోపలి పొర) కొన్ని ప్రొటీన్లు వదిలితే, పైనున్న కణాల్లో గాటా4, ఎన్‌కెఎక్స్2-5 లాంటి జీన్లు ఆన్ అవుతాయి. అవి కండరానికి కావలసిన మిగతా జీన్లను లేపుతాయి. 1924లోనే జర్మనీలో స్పేమన్, హిల్డే మాన్‌గోల్డ్ అనే శాస్త్రవేత్తలు ఒక న్యూట్ (బల్లిలా కనిపించే ఉభయచరం) పిండంలోంచి చిన్న ముక్క తీసి ఇంకో పిండానికి అతికిస్తే, అక్కడ రెండో శరీరమే తయారైంది. అదీ ఎక్కువగా అతికించుకున్న పిండం సొంత కణాలతోనే! ఇరుగుపొరుగు మహిమ అంటే అదీ.

ఒకసారి తయారైన కణాన్ని వెనక్కి తిప్పడమూ కుదురుతుంది. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాక నాలుగే జీన్లతో ఎలుక చర్మ కణాల్ని మూలకణాల్లాంటి (వేరే రకం కణాలుగా మారగల కణాలు, స్టెమ్ సెల్స్) స్థితికి తెచ్చాడు, 2012లో నోబెల్ పంచుకున్నాడు.

దీన్ని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్లంటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా మేనకోడలు కాన్పుకు చేరిన ఆసుపత్రిలో ఒక ఏజెంటు తయారయ్యాడు, బొడ్డుతాడు రక్తం దాచుకుంటే రేపు ఏ అవయవమైనా చేయించుకోవచ్చట. బాబూ, అందులో ఉండేవి ముఖ్యంగా రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, కొన్ని రక్తపు జబ్బులకు పనికొస్తాయి, కిడ్నీ ఎక్కడ మొలుస్తుందయ్యా అంటే బ్రోచర్ చేతిలో పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయాడు.