పాత కే బేస్ కొనొచ్చా?

ప్రశ్న: జాజ్ కోసం అప్‌రైట్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) కొత్తగా నేర్చుకుంటున్నాను. 1950ల నాటి కే బేస్ అమ్మకానికి వచ్చింది. కొనొచ్చా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: షికాగోలో కే కంపెనీ 1937 నుంచి చేసిన ఈ ప్లైవుడ్ బేస్‌లంటే నాకు ఇష్టం. చెక్కి చేసిన ఖరీదైన బేస్‌ల్లా చలికాలం హీటర్ గాలికి బీటలు వారవు. అలాగని పేరు చూసి డబ్బులిచ్చేయకండి.

ముందు మెడ చూడండి. అది ఒంటిని కలిసే చోట సన్నటి గీత, జిగురు మరకలు ఉంటే ఎప్పుడో విరిగి అతికించినదే. అతుకు గట్టిదైతే ఫర్వాలేదు. కదిలిందా, దండం పెట్టి వచ్చేయండి.

తర్వాత తీగల ఎత్తు. ఫింగర్‌బోర్డు (తీగలు నొక్కే పొడవాటి పలక) చివర తీగ కింద చిటికెన వేలు సులువుగా దూరితే, కొత్తవాళ్లకు నొక్కడం నరకమే. తీగలను ఎత్తి పట్టే చెక్క, అంటే బ్రిడ్జి, అరగదీస్తే సరిపోవచ్చు. మెడ ఊడదీసి మళ్లీ బిగించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి టార్చి వేసి సౌండ్‌పోస్ట్ (లోపల పైపలకకూ వెనక పలకకూ మధ్య ఉండే కర్ర) నిలబడి ఉందో చూడండి. అది పడిపోయినా తీగలు బిగించే ఉంచితే పైపలక కుంగిపోతుంది.

కొత్త తీగల సెట్టుకే వంద డాలర్లు దాటుతుంది, బేరంలో అదీ కలపండి. వీలైతే బేస్‌లు బాగుచేసే మనిషిని వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి.