లోపలి నుంచి చూస్తున్న కంపెనీలో సొంత డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక పెద్ద కంపెనీ ఫైనాన్స్ విభాగంలో నా ఆరు నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి కావస్తోంది. స్టైపెండ్‌లో సగం చొప్పున దాచుకున్నాను, అంటే మూడు నెలల స్టైపెండ్ చేతిలో ఉంది. 10 శాతం వడ్డీకి తీసుకున్న విద్యారుణానికి ఇంకా వాయిదాలు మొదలు కాలేదు. చదువు పూర్తవగానే ఉద్యోగం ఇస్తామని కంపెనీ చెప్పింది. ఉద్యోగులు 15 శాతం తగ్గింపుతో షేర్లు కొనుక్కునే పథకం కూడా ఉంది. నెలాఖరు పద్దులు ముగించే పనిలో ఉండడం వల్ల ఈ త్రైమాసికం అమ్మకాలు చాలా బాగున్నాయని నాకు తెలుసు. ఫలితాలు ఇంకా ప్రకటించలేదు. ఇప్పుడే నా పొదుపంతా ఈ షేర్లలో పెడదామనుకుంటున్నాను. మా అన్నయ్య కూడా కొంటానని, ఫలితాలు ఎలా ఉంటాయో చెప్పమని అడుగుతున్నాడు. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. ఇన్ని లాభాలున్న కంపెనీ సరఫరాదారులకు 90 రోజులు దాటితే గానీ డబ్బు ఇవ్వదు. నా మొదటి స్టైపెండ్ కూడా నెల ఆలస్యంగానే వచ్చింది. నేను ఏం చేయాలి?

సమాధానం: అన్నింటికంటే ముందు మీ అన్నయ్య సంగతి తేల్చాలి. ఆయనకు ఏమీ చెప్పవద్దు. ‘బాగానే ఉన్నాయి’ అన్న ఒక్క మాట కూడా వద్దు. ఇప్పటికే నోరు జారి ఉంటే, ఫలితాలు బయటకు వచ్చేదాకా ఆ షేర్ల జోలికి వెళ్లవద్దని ఈరోజే ఆయనతో గట్టిగా చెప్పండి. మీరు కూడా ఇప్పుడు ఒక్క షేరు కొనకూడదు.

ఇది నా అతి జాగ్రత్త కాదు. ప్రకటించని ఫలితాలు తెలిసి షేర్లు కొనడం లేదా అమ్మడం ఇన్‌సైడర్ ట్రేడింగ్ అనే నేరం. షేర్ మార్కెట్లున్న దేశాల్లో దాదాపు అన్నిచోట్లా దీనిపై చట్టం ఉంది. భారత్‌లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా కంపెనీ లోపలి వారికి ట్రేడింగ్ విండో, అంటే ఆ కంపెనీ షేర్లు కొనడానికీ అమ్మడానికీ అనుమతి ఉండే వ్యవధి, మూసి ఉంటుంది. ఐరోపా సమాఖ్యలో కంపెనీ పెద్దలు ఫలితాలకు ముందు 30 రోజులు లావాదేవీలు చేయకూడదు. మీరు ఇంటర్న్ కావడం, కొనేది కొద్ది షేర్లే కావడం, చివరికి నష్టమే రావడం, ఇవేవీ మిమ్మల్ని కాపాడవు. సమాచారం అందించినవారు, దాన్ని నమ్ముకుని కొన్నవారు ఇద్దరూ బాధ్యులే. తోబుట్టువుల మధ్య జరిగిన లావాదేవీని గుర్తించడం దర్యాప్తు అధికారులకు ఏమాత్రం కష్టం కాదు. ఇంటర్న్‌షిప్ ముగిసిన మరునాటి నుంచి స్వేచ్ఛ వచ్చినట్లు కూడా కాదు. మీకు తెలిసిన అంకెలు అందరికీ తెలిసేదాకా ఆ బాధ్యత మీ మీదే ఉంటుంది. ఫైనాన్స్‌లో జీవితం మొదలుపెట్టబోతున్న మీకు పేరు మీద ఒక్క మచ్చ పడినా అది ఏ షేరు లాభంతోనూ తీరదు.

ఇక చట్టాన్ని పక్కన పెట్టి, ఇదే నిర్ణయాన్ని మదుపుగా చూద్దాం. ఫలితాలు వచ్చాయి, విండో తెరుచుకుంది, మీరు నిరభ్యంతరంగా కొనవచ్చు అనుకుందాం. అప్పుడైనా పొదుపంతా అందులో పెట్టవచ్చా? నా జవాబు వద్దనే.

మొదటి కారణం, అమ్మకాలు బాగుండడం వేరు, షేరు పెరగడం వేరు. మార్కెట్ ముందే అంతకన్నా ఎక్కువ ఊహించి ఉంటే, మంచి ఫలితాల రోజునే షేరు పడుతుంది. మీరు చూసినది ఒక విభాగం, ఒక త్రైమాసికం. ఆ ధరలో ఎంత ఆశ ఇమిడి ఉందో పద్దుల్లో కనిపించదు.

రెండో కారణం ఇంకా పెద్దది. రేపు మీ జీతం ఆ కంపెనీ నుంచే వస్తుంది. పొదుపు కూడా అక్కడే ఉంటే, కంపెనీకి కష్టం వచ్చిన నెలలో రెండూ కలిసే పోతాయి. అమెరికాలో ఎన్‌రాన్ అనే ఇంధన కంపెనీ ఉద్యోగులకు జరిగినది ఇదే. 2000 ఆగస్టులో ఆ షేరు 90 డాలర్ల దగ్గర ఉంది. 2001 డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసే నాటికి ఒక్క డాలరు కూడా పలకలేదు. ఉద్యోగుల పదవీ విరమణ ఖాతాల సొమ్ములో సగానికి పైగా సొంత కంపెనీ షేర్లలోనే ఉండేది. కంపెనీ తన వాటాగా జమచేసిన షేర్లను 50 ఏళ్లు నిండేదాకా అమ్మే వీలు కూడా లేదు. వేలమందికి ఉద్యోగమూ పోయింది, దాచుకున్నదీ పోయింది. లెక్కల్లో మోసం ఉందని ఉపాధ్యక్షురాలు షెరాన్ వాట్కిన్స్ 2001 ఆగస్టులో కంపెనీ అధిపతి కెన్నెత్ లేను హెచ్చరించారు. అంత పై స్థాయిలో ఉన్న మనిషికి కూడా విషయం బోధపడేసరికి అంత ఆలస్యమైంది. లోపల ఉన్నాను కాబట్టి నాకు తెలుసు అన్న నమ్మకం ఎంత బలహీనమో ఆలోచించండి. మీ కంపెనీ అలాంటిదని నేను అనడం లేదు. ఎంత మంచి కంపెనీ అయినా సరే, జీతమూ పొదుపూ ఒకేచోట పెట్టుకోవద్దంటున్నాను.

అయితే 15 శాతం తగ్గింపు పథకాన్ని పూర్తిగా కొట్టిపారేయను. 85 పెట్టి 100 విలువైన షేరు కొంటే, కొన్న క్షణానికే మీ డబ్బుపై 17.6 శాతం లాభం ఉన్నట్లు. ఆ షేర్లను వెంటనే అమ్ముకునే వీలుంటే, ఉద్యోగంలో చేరాక జీతంలో కొద్ది భాగంతో పాల్గొనండి. విండో తెరిచి ఉన్నప్పుడల్లా అమ్మి, ఆ డబ్బును చాలా కంపెనీల్లో ఒకేసారి మదుపు చేసే ఇండెక్స్ ఫండ్‌కు మార్చుకోండి. పన్ను ఎంత పడుతుందో ముందే కనుక్కోండి. ఏడాదో రెండేళ్లో అమ్మకూడదన్న షరతు ఉంటే మాత్రం ఆ లాభం కాగితం మీదిదే. ఆలోగా ధర 15 శాతం పడితే తగ్గింపు మొత్తం కరిగిపోతుంది. అప్పుడు మీ మొత్తం మదుపులో పదో వంతు మించనివ్వకండి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చినది సరఫరాదారుల గురించి మీరు రాసిన మాట. ఆరు నెలల్లో చాలామంది ఇంటర్న్‌లు ఎక్సెల్ నేర్చుకుంటారు. ఆర్డరూ సరుకు రసీదూ బిల్లూ మూడూ కలుస్తున్నాయా అని సరిచూడడం, బ్యాంకు ఖాతాకూ పద్దులకూ మధ్య తేడాలు పట్టుకోవడం, బిల్లు రాని ఖర్చుకు కేటాయింపు రాయడం నేర్చుకుంటారు. లాభమూ నగదూ ఒకటి కావన్న సంగతి కళ్లారా చూసి ఆశ్చర్యపోయేవారు తక్కువ. సరుకు చేతులు మారిన రోజునే అమ్మకం పద్దులోకి ఎక్కుతుంది, లాభం కనిపిస్తుంది. కొన్నవాడు డబ్బు ఇచ్చేది ఎప్పుడో. అలాగే సరఫరాదారుకు 90 రోజులు ఆగి ఇవ్వడమంటే, ఆ 90 రోజులూ అతని డబ్బును వడ్డీ లేకుండా వాడుకున్నట్లే. పెద్ద కంపెనీ ఖజానా నిండుగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఆ భారం మోసేది అవతలి చిన్న వ్యాపారి. అతనికి పుస్తకాల్లో లాభం ఉన్నా, ఈ నెల జీతాలు ఇవ్వడానికి చేతిలో డబ్బు ఉండకపోవచ్చు. లాభంలో ఉన్న వ్యాపారాలు కూడా ఇలాగే మూతపడుతుంటాయి.

మొదటి నెల స్టైపెండ్ ఆలస్యమైనప్పుడు మీరూ ఆ చిన్న వ్యాపారి స్థానంలోనే ఉన్నారు. రావలసినది ఉంది, చేతిలో లేదు. మీ డబ్బు ప్రణాళికను ఆ అనుభవం మీదే కట్టమంటాను. ఎంత వస్తుంది, ఎంత ఖర్చవుతుంది అన్న పట్టిక చాలదు. ఏ తేదీన వస్తుంది, ఏ తేదీన కట్టాలి అన్నది రాసుకోండి. రాబోయే ఏడాదికి అలా రాస్తే ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. ఇంటర్న్‌షిప్ ముగుస్తుంది, పరీక్షలు ఉంటాయి, చేరే తేదీ వెనక్కి జరగవచ్చు, చేరాక మొదటి జీతం నెల పూర్తయితే గానీ రాదు. ఈలోగా మకాం మార్పు, ఇంటి అడ్వాన్సు, ప్రయాణ ఖర్చులు.

అందుకే చేతిలో ఉన్న మూడు నెలల స్టైపెండ్‌లో రెండు నెలలది ముట్టుకోకుండా ఉంచండి. పొదుపు ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లోనో పెట్టండి. వడ్డీ తక్కువే వస్తుంది, రానివ్వండి. ఆ డబ్బు పని వడ్డీ సంపాదించడం కాదు, ఆ ఖాళీలో మీరు క్రెడిట్ కార్డు మీద బతకకుండా చూడడం.

మిగిలిన ఒక నెల మొత్తాన్ని విద్యారుణానికి కట్టండి. వాయిదాలు మొదలు కాలేదంటే వడ్డీ నడవడం లేదని అర్థం కాదు. చాలా రుణాల్లో చదువుకునే కాలంలోనూ వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది, వాయిదాలు మొదలయ్యే రోజున అసలులో కలుస్తుంది. 10 శాతం సాధారణ వడ్డీకి 100 తీసుకుని మూడేళ్లు ఏమీ కట్టకపోతే 30 పేరుకుంటుంది. ఆ తర్వాత వడ్డీ 130 మీద పడుతుంది, ఏడాదికి 10కి బదులు 13. పేరుకున్నది అసలులో కలవక ముందే కొంత కట్టేస్తే ఆ మేరకు వడ్డీ మీద వడ్డీ ఆగుతుంది. 10 శాతం అప్పు తీర్చడమంటే ఏ ప్రమాదమూ లేకుండా 10 శాతం సంపాదించినట్లే. అంత ఖాయమైన రాబడిని ఏ షేరూ ఇవ్వదు. కట్టే ముందు రెండు విషయాలు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి: ముందే కడితే రుసుము ఉందా, కట్టినది వడ్డీకి జమ చేస్తారా, అసలుకా.

షేర్లకు ఏమీ మిగలలేదని మీరు నిరుత్సాహపడవచ్చు. మొదటి జీతం వచ్చిన నెల నుంచి చిన్న మొత్తంతో ఇండెక్స్ ఫండ్ మొదలుపెట్టండి. మీ వయసుకు అందులో ఆలస్యం ఏమీ లేదు.

ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక మొత్తం ప్యాకేజీ అంకె చూసి ఖర్చులు నిర్ణయించుకోవద్దు. అందులో నెలనెలా చేతికి వచ్చేది ఎంత, పనితీరును బట్టి ఇచ్చేది ఎంత, షేర్ల రూపంలో ఇచ్చేది ఎంత అని విడదీయండి. షేర్లు సాధారణంగా కొన్నేళ్ల పాటు విడతలుగా మీ పేరుకు వస్తాయి, మధ్యలో మానేస్తే రాని విడతలు మీవి కావు. కాబట్టి అద్దె, వాయిదాలు లెక్క వేసేటప్పుడు మొదటి భాగాన్ని మాత్రమే తీసుకోండి. చేరే తేదీ, మొదటి జీతం తేదీ, షేర్ల పథకంలో అమ్మకంపై షరతులు, ఫైనాన్స్ సిబ్బంది షేర్లు కొనడానికి ముందస్తు అనుమతి తీసుకోవాలా, ఈ నాలుగూ హెచ్ఆర్ విభాగాన్ని మెయిల్‌లో అడగండి. జవాబులు వచ్చాక రుణ పత్రంలోని అంకెలతో పాటు నాకు పంపితే, వాయిదా మీ జీతంలో ఎంత శాతం అవుతుందో, దాన్ని ఎన్నేళ్లలో ముగించవచ్చో లెక్క వేసి చెబుతాను.