సీసా కొనే ముందు మసి ఎక్కడుందో చూడు

చి॥ కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు తొందరలో ఉన్నావు, అందుకే మిగతాది రాస్తున్నాను. సర్వీసు ఎస్టిమేట్‌లో ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగం) క్లీనింగ్, డీకార్బనైజింగ్ (ఇంజిన్ లోపలి మసి తీయడం) అని రాసిచ్చారన్నావు. వాటి బదులు పెట్రోల్లో కలిపే క్లీనర్ సీసా ఒకటి పోస్తే సరిపోతుందా అని అడిగావు. పోసుకోవచ్చు. కాకపోతే ఆ సీసా నీ బండిలో ఏ పని చేస్తుందో, ఏ పని చెయ్యదో ముందు తెలుసుకో.

నీది 2017 స్విఫ్ట్ పెట్రోలు. ఇందులో ఇంజెక్టర్ పెట్రోలును సిలిండర్ బయటే, ఇన్‌టేక్ వాల్వ్ (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారికి మూత) వెనకభాగం మీద చిమ్ముతుంది. పెట్రోలు ఆ వాల్వ్‌ను తడుపుకుంటూ లోపలికి పోతుంది కాబట్టి అందులో కలిపిన మందు కూడా వాల్వ్‌కు తగులుతుంది, అక్కడి కార్బన్‌ను కొద్దికొద్దిగా వదిలిస్తుంది. మీ ఫ్రెండ్ కొంటానంటున్న వెన్యూ టర్బో పెట్రోలు సంగతి వేరు. దాంట్లో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకే కొడుతుంది, వాల్వ్ వెనక పెట్రోలు చుక్క కూడా పడదు. ఆయిల్ ఆవిరి వచ్చి అక్కడ పేరుకునే మసికి ట్యాంకులో ఏం పోసినా అందదు. బాగా పట్టాక మానిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలి తెచ్చే గొట్టాల భాగం) విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి తియ్యాల్సిందే. అలాంటి బండిలో సీసా ఇంజెక్టర్ కొనలకూ, సిలిండర్ లోపలికీ పనికొస్తుంది, అంతవరకే. ఈ మాట అతనికి కూడా చెప్పు.

సీసా కొనేటప్పుడు లేబుల్ తిప్పి పాలీఈథర్ అమీన్ అనో, పీఈఏ అనో రాసుందా చూడు. ఇంజిన్ లోపలి వేడికి తట్టుకుని కార్బన్‌ను వదిలించే మందు అది. ఏముందో రాయకుండా మైలేజీ పెరుగుతుంది, పికప్ పెరుగుతుంది అని మాత్రమే రాసినవి షాపులోనే వదిలెయ్. ఆక్టేన్ బూస్టర్ అని ఇస్తే అది క్లీనర్ కాదు. బంకులో ఎక్స్‌పీ95 అనే ప్రీమియం పెట్రోలు పేరులో ఉండే 95 కూడా ఆక్టేనే. ఇంజిన్ నాక్ కొట్టకుండా (పెట్రోలు అదుపు తప్పి మండి టకటక చప్పుడు రాకుండా) ఆ పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే లెక్క అది, శుభ్రతకు కొలత కాదు.

బూస్టర్లలో కొన్నింటిలో ఇనుముతో చేసిన ఫెర్రోసీన్ అనే పదార్థం కలుపుతారు. అలాంటివి వాడిన బండి స్పార్క్ ప్లగ్ (పెట్రోలును నిప్పురవ్వతో మండించే భాగం) విప్పితే తెల్లగా ఉండాల్సిన పింగాణీ మీద ఇటుక పొడి పూసినట్టు ఎర్రటి పూత కనిపిస్తుంది. అది పేరుకుంటే ప్లగ్ సరిగ్గా నిప్పు కొట్టదు. కలరా ఉండలు వేస్తే మైలేజీ వస్తుందని మీ నాన్న వాళ్ల రోజుల్లో స్కూటర్ ట్యాంకుల్లో వేసేవారు. నీకు కూడా ఎవరో ఒకరు చెప్తారు. వినకు. ఇంజెక్టర్ రంధ్రాలు వెంట్రుకంత సన్నం, వాటితో ఆటలొద్దు.

ఇక మైలేజీ తగ్గిందన్నావు కదా. అదంతా మసి వల్లే అనుకోకు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, దాన్నే ఈ20 అంటారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే, కాబట్టి కొంత మైలేజీ పోతుంది. ఆ పోయినదాన్ని ఏ సీసా వెనక్కి తేలేదు. నీ బండి వచ్చిన ఏడాదికి ఈ20 లెక్క లేదు, అందుకని ప్రతి సర్వీసులో ఫ్యూయల్ పైపుల రబ్బరు పగిలిందేమో, పెట్రోలు వాసన వస్తోందేమో చూపించు. వారాల తరబడి బండి తియ్యకపోతే ట్యాంకు నిండుగా ఉంచి వెళ్లు. ఖాళీ జాగా ఎక్కువుంటే లోపల చెమ్మ చేరుతుంది, ఇథనాల్ ఆ నీటిని పీల్చుకుంటుంది.

పోసే పద్ధతి చెప్తాను. పెట్రోలు రిజర్వ్‌కు దగ్గరపడ్డాక బంకుకు వెళ్లి, ముందు సీసా పోసి, ఆ తర్వాత పెట్రోలు కొట్టించు. అప్పుడు బాగా కలుస్తుంది. ఎన్ని లీటర్లకు ఒక సీసా అని దాని మీదే రాసుంటుంది. త్వరగా శుభ్రమవుతుందని రెండు పోస్తే లాభం లేదు. మండని భాగం పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే నేనెప్పుడూ ఆయిల్ మార్చే ముందు ట్యాంకులోనే పొయ్యమంటాను. ఆ ట్యాంకు అయిపోగానే ఆయిల్, ఫిల్టర్ మార్పించెయ్. పోశాక ట్రాఫిక్‌లో నాలుగు సిగ్నళ్లు తిరిగి ఇంట్లో పెట్టెయ్యకు, సూర్యాపేట వైపు హైవే మీద ఒక గంట ఆగకుండా నడుపు. ఇంజిన్ బాగా వేడెక్కితేనే మందు పనిచేస్తుంది. ఆయిల్ మార్చే ప్రతిసారీ ఒకటి చాలు, ప్రతి ట్యాంకుకూ అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు మాత్రం ప్లగ్గులు విప్పించి నీ కళ్లతో చూడు. కొన లేత గోధుమ రంగులో ఉంటే లోపల అంతా బాగుంది, సీసా కూడా అవసరం లేదు. పొడిపొడిగా నల్లటి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్, సెన్సర్లు చూపించి, తర్వాత క్లీనర్ పోసుకో. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోందని అర్థం. అది రింగుల పనో, వాల్వ్ సీళ్ల పనో అయి ఉంటుంది, డబ్బు దానికి దాచుకో.

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందు స్కానర్ పెట్టించి కోడ్ చదివించు, సీసా ఆలోచన తర్వాత. లైటు వెలిగి ఆరుతూ ఉంటే, ఇంజిన్ వణుకుతుంటే మాత్రం నడపకు, పక్కకు తీసి ఆపెయ్. మిస్ కొట్టిన (సరిగ్గా మండని) సిలిండర్ నుంచి మండని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను (పొగను శుభ్రం చేసే భాగాన్ని) కాల్చేస్తుంది, అది చాలా ఖరీదైన సామాను. అంతవరకూ రాకపోతే, ఈసారి ఎస్టిమేట్‌లో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ ఉంచి, డీకార్బనైజింగ్ కొట్టేయించు. ప్లగ్గుల ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెప్తాను.

మీ మావయ్య