ఒడియా మీడియం అమ్మాయి తెలుగు వార్త రాయగలదా?

పర్లాకిమిడి నుంచి ఓ తండ్రి ప్రశ్న: ‘‘మా అమ్మాయి ఒడియా మీడియంలో డిగ్రీ చేసింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. విలేకరి అవుతానంటోంది. ఢెంకనాల్ ఐఐఎంసీ (కేంద్ర ప్రభుత్వ జర్నలిజం విద్యాసంస్థ) మేలా, తెలుగు పత్రికల జర్నలిజం స్కూలా? ఆన్‌లైన్‌లో డిజిటల్ జర్నలిజం కోర్సు కూడా చూశాం. జీతం ఎంత వస్తుంది?’’

కోర్సుల గురించి అడిగారు గానీ, మీ టెన్షన్ వేరు. అమ్మాయి రెండు భాషల మధ్య ఎటూ కాకుండా పోతుందేమోనని భయం. రాయగడ, బరంపురం తల్లిదండ్రులదీ ఇదే బెంగ. పత్రికలకు కావలసింది చిన్న వాక్యం, పండితుల తెలుగు కాదు.

2018 నాటి తితలీ తుపానే తీసుకోండి. కొత్తవాళ్లు ‘బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం క్రమంగా బలపడి ప్రజలను భయభ్రాంతులకు గురిచేస్తూ...’ అని ఎత్తుకుంటారు. మనకు క్రియ చివర్లో వస్తుంది కాబట్టి అసలు సంగతి కోసం పేరా అంతా ఈదాలి. ఇలా రాస్తే చాలు: ‘తితలీ తుపాను గురువారం తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలు నేలకూలాయి.’ ఇంట్రో, అంటే వార్త మొదటి పేరా, అయిపోయింది! అల్పపీడనం కథ కిందకి పోతుంది. చోటు చాలకపోతే డెస్కు వాళ్లు (ఆఫీసులో వార్తలు దిద్దేవాళ్లు) కింది నుంచే కోస్తారు. ఒడియాలో రాసినా పద్ధతి ఇదే. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతుంటే రోజూ ఒక ప్రెస్‌నోట్‌ను ఐదు లైన్లకు కుదించి రాయమనండి, సర్దుకుంటాయి. ఒడియా ప్రెస్‌నోట్ చదివి తెలుగులో వార్త ఇవ్వగలిగినవాళ్లు సరిహద్దు జిల్లాల్లో అక్కరకొస్తారు.

ఆన్‌లైన్ కోర్సుల మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. నేను చూసినవాటిలో థంబ్‌నెయిళ్లు, రీల్స్ నేర్పుతున్నారు. అంటే జరిగింది దాచి క్లిక్ రాబట్టడం. ఇంట్రో రాయడం దానికి పూర్తిగా వ్యతిరేకం, జరిగింది ముందే చెప్పేయాలి. దాచే అలవాటు పడితే వదిలించడం కష్టం. మృతుల సంఖ్య ఎవరిని అడిగి ఖాయం చేసుకోవాలో ఆ కోర్సుల్లో చెప్పగా నేను చూడలేదు. ఫోన్‌తో వీడియో తీయడం పనిలో పడ్డాకైనా వస్తుంది.

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. జీతం అడిగారు, అమ్మాయి ఏం రాస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె రాసింది ఎప్పుడైనా చదివారా? కంట్రిబ్యూటర్‌గా, అంటే పత్రిక ఉద్యోగి కాని స్థానిక విలేకరిగా మొదలైతే వచ్చేది కొద్దిపాటి సొమ్మే. డెస్కులో రాత్రి డ్యూటీలుంటాయి. ఇవి ఆమెకూ తెలిసే ఉంటాయి.

ఒడియా, ఇంగ్లిష్ మీడియా వైపు వెళ్లాలనుకుంటే ఢెంకనాల్. తెలుగు డెస్కు కావాలంటే పత్రికల స్కూలు. అక్కడ సాధారణంగా శిక్షణలోనే స్టైపెండ్ ఇస్తారు. ఏది కావాలో అమ్మాయినే తేల్చుకోనివ్వండి. ఈలోగా ఆ ఆన్‌లైన్ కోర్సు ఫీజు మాత్రం కట్టకండి.