నమ్మకం లేకపోతే ద్రోహమేనా?

సందేహం: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వ్యాసరచన పోటీలో ‘ప్రభుత్వం మీద నమ్మకం లేకపోయినా నాకు దేశభక్తి ఉంది’ అని రాశాను. మా తెలుగు మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి ‘పరస్పర విరుద్ధం’ అని రాశారు. ప్రభుత్వాన్ని నమ్మకపోవడం దేశద్రోహం కిందికే వస్తుందని మా మామయ్య అన్నాడు. పేపర్లలో చూస్తే ఒకే కేసును ఒకరు రాజద్రోహం అంటారు, ఇంకొకరు దేశద్రోహం అంటారు. ఈ రెండూ ఒకటేనా? నా వాక్యంలో తప్పేమిటి?

సమాధానం: మీ వాక్యంలో విరోధం లేదమ్మా. రాజద్రోహం, దేశద్రోహం ఒకటి కావు. ప్రభుత్వాన్ని నమ్మకపోవడం ఆ రెండింటిలో ఏదీ కాదు. అయితే మీ మాస్టారు, మామయ్య అలా అనుకోవడానికి మన భాషలోనే ఒక కారణం ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

విశ్వాసం అనే మాటను మనం రెండు రకాలుగా వాడతాం. ‘డాక్టరు మాట మీద నాకు విశ్వాసం ఉంది’ అన్నప్పుడు అది నమ్మకం. ‘ఇంత చేసినా వాడికి విశ్వాసం లేదు’ అన్నప్పుడు అది కృతజ్ఞత, కట్టుబడి ఉండటం. మొదటిది లేకపోవడం తప్పు కాదు, ఆ డాక్టరు వైద్యం మనకు గుణమివ్వలేదేమో. రెండోది లేకపోతే మాత్రం మనిషినే తప్పు పడతాం. ‘నమ్మకం’ కూడా ఇలాంటిదే. నమ్మకస్తుడు అంటే ఎవరినో నమ్మేవాడు కాదు, ఇతరులు నమ్మదగినవాడు. ఇక ‘నమ్మిన మనిషి’ అనే మాటలో ఎవరు ఎవరిని నమ్మారో వాక్యం పూర్తయితే గాని తేలదు. ‘మోసపోయింది నమ్మిన మనిషే’ అంటే నమ్మకం పెట్టుకున్నవాడు. ‘మోసం చేసింది నమ్మిన మనిషే’ అంటే ఆ నమ్మకాన్ని పొందినవాడు. తెలుగులో ధాతుజ విశేషణానికి, అంటే ‘నమ్మిన’ లాగా క్రియ నుంచి పుట్టిన విశేషణానికి, ఈ వెసులుబాటు ఉంది. కర్తకూ అది విశేషణమవుతుంది, కర్మకూ అవుతుంది.

రాజుల కాలంలో పరీక్షకు నిలబడాల్సింది సేవకుడు. అతడు నమ్మినబంటా కాదా అని ప్రభువు చూసేవాడు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం వచ్చాక ఆ సంబంధం తిరగబడింది. ఇప్పుడు నమ్మకస్తులమని రుజువు చేసుకోవాల్సింది ఏలేవాళ్లు, పరీక్షించేది పౌరులు. వ్యవస్థ మారినంత తొందరగా మాటలోని పాత వాసన పోదు. అందుకే ఎవరైనా ‘ఈ ప్రభుత్వం మీద నాకు విశ్వాసం లేదు’ అంటే కొందరి చెవికి ‘వీడు విశ్వాసం లేని మనిషి’ అని వినిపిస్తుంది.

పార్లమెంటు వాడుక చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. లోక్‌సభలో యాభైమంది సభ్యులు మద్దతుగా లేచి నిలబడితే మంత్రిమండలి మీద అవిశ్వాస తీర్మానం చర్చకు వస్తుంది. స్వతంత్ర భారతంలో తొలి అవిశ్వాస తీర్మానాన్ని 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద పెట్టింది ఆచార్య కృపలానీ. స్వాతంత్ర్యం వచ్చిన రోజున కాంగ్రెస్ అధ్యక్షుడు ఆయనే. చైనా యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. అలాంటి సమయంలో ఆయన సభలో నిలబడి ఈ ప్రభుత్వం మీద మాకు విశ్వాసం లేదన్నాడు. తీర్మానం వీగిపోయింది: అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347. ఓడిపోయినందుకు ఆయన దేశభక్తికి లోటేమీ రాలేదు, గెలిచినందుకు నెహ్రూకు కొత్తగా వచ్చిందీ లేదు. అక్కడ తేలింది మంత్రిమండలికి సభలో బలం ఉందా లేదా అన్న ఒక్క సంగతే. అవిశ్వాసం అన్న మాటకు ఇంత నిక్కమైన, మర్యాదైన వాడుక చట్టసభలోనే ఉంటే, పౌరుడి నోట వచ్చేసరికి అది తిట్టెలా అవుతుంది?

ఇక్కడ కాస్త వ్యాకరణం చెప్పక తప్పదు. సంస్కృతంలో పదం ముందు చేరే ‘అ’కు, అంటే నఞ్‌కు, ఆరు అర్థాలున్నాయని సంప్రదాయం. వాటిలో మనకు కావలసినవి రెండు: అభావం, విరోధం. అధర్మం అంటే ధర్మం లేకపోవడం మాత్రమే కాదు, ధర్మానికి విరుద్ధమైన పని. అది విరోధం. అవిశ్వాసంలో ఉన్నది అభావం. విశ్వాసం లేదు, అంతే. దాని స్థానంలో పగ ఉందని ఆ మాట చెప్పదు. ప్రీతి లేకపోవడం, ద్వేషం ఉండటం కూడా ఇలాగే వేరువేరు.

ఇది పండితుల చర్చ అనుకోకండి, మనుషులు జైళ్లకు వెళ్లిన తేడా ఇది. భారత శిక్షాస్మృతిలో 124ఎ సెక్షన్‌ను 1870లో చేర్చారు. ప్రభుత్వం పట్ల జనంలో ‘అప్రీతి’ కలిగించడం నేరమని దాని సారం. 1897లో తిలక్ కేసు విచారించిన న్యాయమూర్తి స్ట్రేచీ, అప్రీతి అంటే ప్రీతి లేకపోవడమేనని అర్థం చెప్పాడు. అభావాన్నే నేరం చేశాడన్నమాట. మరుసటి ఏడాది చట్టాన్ని సవరించి, విధేయత లేకపోవడం, శత్రుభావం ఆ మాటలోకి వస్తాయని వివరణ చేర్చారు. 1922 మార్చి 18న అహ్మదాబాదులో ఇదే సెక్షన్ కింద గాంధీ బోనులో నిలబడ్డప్పుడు నేరం ఒప్పుకున్నాడు. అభిమానాన్ని చట్టంతో పుట్టించడం సాధ్యం కాదని కోర్టుకు చెప్పి, ఆరేళ్ల శిక్ష తీసుకున్నాడు. ఆ మాట ఎంత సూటైనదో చూడండి. పన్ను కట్టించుకోవచ్చు, ఆజ్ఞ పాటింపజేయవచ్చు, ప్రేమించమని మాత్రం ఎవరినీ శాసించలేరు.

ఇక మీ పేపర్ల సంగతి. ద్రోహంతో ఏర్పడే సమాసాల్లో పూర్వపదం కీడు ఎవరికి జరిగిందో చెబుతుంది. మిత్రద్రోహంలో మిత్రుడికి, గురుద్రోహంలో గురువుకు. అలాగే రాజద్రోహం ఏలేవాడికి జరిగేది, దేశద్రోహం దేశానికి జరిగేది. 124ఎ ప్రభుత్వానికి సంబంధించిన సెక్షన్ కాబట్టి దానికి రాజద్రోహం అన్నదే సరైన మాట. రాజు లేడు కదా అని ‘దేశ’ చేర్చి ఆధునికం చేశామనుకుంటారు గాని, ఆ ఒక్క మార్పుతో విమర్శకుడు కాస్తా శత్రువైపోతాడు. ఈ పొరపాటును నేను చిన్నదిగా చూడలేను. అభియోగం ఇంకా రుజువు కాని మనిషి పేరు పక్కన, చట్టంలో లేని నేరం అచ్చవుతుంది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను హింసకు, శాంతిభద్రతల భంగానికి పురికొల్పే సందర్భాలకే పరిమితం చేసింది. 2022 మే 11న దాని అమలును నిలిపి ఉంచింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులోని 152వ సెక్షన్ దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు ప్రమాదం తెచ్చే చర్యల గురించి చెబుతుంది. పాత కేసులకు రాజద్రోహం అని రాయాలి. కొత్తవాటికి సెక్షన్ నంబరు వేసి, అభియోగం ఏమిటో చెబితే చాలు.

నమ్మకద్రోహం మాత్రం కాస్త వేరు. అందులో దెబ్బతినేది మనిషి కన్నా ముందు నమ్మకం. ఆ ద్రోహం చేయాలంటే ముందు ఒకరి నమ్మకం పొంది ఉండాలి. ఓటరు తన నమ్మకాన్ని ఇచ్చినవాడు, పుచ్చుకున్నది పాలకుడు. కాబట్టి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్న ఓటరుకు ఆ మాట అంటదు.

దేశభక్తి విషయానికొస్తే, స్వాతంత్ర్య సమరయోధుడు కొండా వెంకటప్పయ్య గారిని ‘దేశభక్త’ అని పిలుచుకున్నది జనం. అప్పటి ప్రభుత్వం ఇచ్చిన బిరుదులు రావు బహదూర్, దివాన్ బహదూర్ లాంటివి. వెంకటప్పయ్య గారికి ఆ ప్రభుత్వం ఇచ్చింది జైలుశిక్ష. ఆ ప్రభుత్వాన్ని నమ్మి ఉంటే ఆయనకు ‘దేశభక్త’ అన్న పేరు వచ్చేదే కాదు. పరాయి ప్రభుత్వం కాబట్టి చెల్లింది, మన ప్రభుత్వమైతే వేరు కదా అంటారేమో. తేడా ఉంది, ఒప్పుకుంటాను. పరాయి ప్రభుత్వాన్ని పంపించెయ్యాలి, మన ప్రభుత్వాన్ని సరిదిద్దుకోవాలి. పని వేరైంది గాని, దేశమూ ప్రభుత్వమూ ఒకటైపోలేదు.

మీ వాక్యంలో తప్పు లేదు గాని, చిన్న బలహీనత ఉంది. ‘లేకపోయినా’లోని ‘ఇనా’ ఎదురుచూడని ఫలితాన్ని చెప్పే ప్రత్యయం. ‘వాన కురిసినా వచ్చాడు’ అంటే, వానలో రాడనుకున్నామని అర్థం. ‘నమ్మకం లేకపోయినా దేశభక్తి ఉంది’ అనడంతో, నమ్మకం లేనివారికి మామూలుగా దేశభక్తి ఉండదన్న అభిప్రాయాన్ని మీరే ముందు ఒప్పుకున్నట్టయింది. ‘లేదు కాబట్టే ఉంది’ అనీ రాయకండి, అపనమ్మకం దేశభక్తికి కారణం కాదు. ‘నాకు దేశభక్తి ఉంది. ఈ ప్రభుత్వం మీద నమ్మకం లేదు’ అని రెండు వాక్యాలుగా విడదీయండి. ‘ఈ’ మరిచిపోవద్దు. ‘ప్రభుత్వం’ అని ఊరికే అంటే వ్యవస్థ మొత్తం అనే అర్థం రావచ్చు, ‘ఈ ప్రభుత్వం’ అంటే ఇప్పుడు అధికారంలో ఉన్నవాళ్లు.

మీరు అడగకపోయినా వ్యాసంలో పనికొస్తుందని ఇంకొక్క మాట. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు మొదట లేవు. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, 42వ సవరణతో 51ఎ అధికరణంగా చేరాయి. అప్పుడు పది, 2002లో ఇంకొకటి కలిసి పదకొండయ్యాయి. రాజ్యాంగానికి కట్టుబడటం, జాతీయ పతాకాన్ని గౌరవించడం, దేశ ఐక్యతను కాపాడటం, ప్రజల ఆస్తిని రక్షించి హింసను విడనాడటం అందులో ఉన్నాయి. జిజ్ఞాసను పెంపొందించుకోవడం కూడా ఉంది. ప్రభుత్వాన్ని నమ్మడం అన్న విధి ఆ పదకొండింటిలో ఎక్కడా లేదు, అంతటి గడ్డుకాలంలో రాసినా లేదు.

అలాగని నమ్మకం పోయిన పౌరుడికి విధులు తీరిపోవు, ఇంకా పెరుగుతాయి. నమ్మినవాడు ఎవరి మీదో భారం వేసి నిశ్చింతగా ఉండవచ్చు. నమ్మనివాడు వెళ్లి చూడాలి. ‘అందరూ దొంగలే’ అని టీవీ కట్టేసి కూర్చుంటే అది అపనమ్మకం కూడా కాదు, పట్టనితనం. ఫలానా రోడ్డుకు ఎంత మంజూరైందో, ఎంత ఖర్చు పెట్టారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి, ముప్పై రోజుల గడువు చూసి, జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లేవాడిదే అసలైన అపనమ్మకం. అతడు పన్నూ కడతాడు, ఓటూ వేస్తాడు, పిలిస్తే కోర్టుకెళ్లి సాక్ష్యమూ చెబుతాడు. కాగితంలో ఉన్నది తన అనుమానానికి వ్యతిరేకంగా తేలితే ఆ సంగతీ ఒప్పుకుంటాడు. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం. అది చేయలేనివారి మాటల్లో అపనమ్మకం మెల్లగా ద్వేషంగా మారడం చూస్తూనే ఉన్నాం.

అలాంటి పనికి తెలుగులో మంచి క్రియ ఉంది, ‘నిలదీయడం’. దుమ్మెత్తిపోయడానికి ఎదురుగా మనిషి అక్కర్లేదు, ఆధారమూ అక్కర్లేదు. నిలదీయాలంటే ఆ మనిషిని కదలకుండా ఆపాలి, ఒక ప్రశ్న వెయ్యాలి, జవాబు వచ్చేదాకా అక్కడే ఉండాలి. మీ వ్యాసంలో ‘ప్రభుత్వాన్ని విమర్శించడం’ అని రాసిన చోట్ల ఒకసారి చూసుకోండి. మీ ఉద్దేశం ఇదే అయితే ‘నిలదీయడం’ అని మార్చండి.