అల్లుడూ, ముందు తారీఖు తేల్చు

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

లండన్ ఎర్ర డబుల్ డెక్కర్ రూట్‌మాస్టర్‌ను కంప్యూటర్‌లో 3డీ మోడల్ చేసి నువ్వు పంపిన రెండర్ (తయారైన బొమ్మ) చూశాను. వెలుతురు చక్కగా కుదిరింది, తడి రోడ్డు మీద నీడ కూడా బాగా పడింది. కానీ అది ఏ ఏడాది బస్సురా? పక్కన బంగారు రంగులో ‘లండన్ ట్రాన్స్‌పోర్ట్’ అని అక్షరాల కింద గీత గీసి మరీ రాశావు. నంబరు ప్లేటేమో తెల్లగా మెరుస్తోంది. అలా మెరిసే ప్లేట్లు కొత్త బళ్లకు తప్పనిసరి అయింది 1973లో. రూట్‌మాస్టర్ల తయారీ 1968లోనే ఆగిపోయింది. వాటికి ఉండాల్సింది నల్ల పలక మీద వెండి అక్షరాలు. చూసేవాళ్లలో నూటికి తొంభైమంది ఇది పట్టించుకోరనుకో. మిగతా పదిమంది కోసమే కదా మనం ఇంత తంటాలు పడేది.

అందుకే 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తెరవకముందే తారీఖు తేల్చుకో. ‘రూట్‌మాస్టర్ చేస్తున్నా’ అంటే చాలదు. ఫలానా నంబరు బస్సు, ఫలానా ఏడాదిలో, ఫలానా ఫొటోలో కనిపించినట్టు అని గిరి గీసుకో. అది తేలితే లివరీ (బస్సు సంస్థ రంగులు), రూటు బోర్డు, పక్కన అంటించిన ప్రకటన, ప్లేటు అన్నీ వాటంతటవే తేలతాయి. తేలకపోతే నాలుగు దశాబ్దాల సామాను ఒకే బస్సు మీదికి ఎక్కుతుంది.

లండన్ బస్సులతో ఇంకో తిరకాసు ఉంది. ఆల్డెన్‌హమ్ వర్క్‌షాపులో ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) చేసేటప్పుడు బాడీని విడిగా ఎత్తేసేవాళ్లు. పని అయ్యాక ఏది సిద్ధంగా ఉంటే ఆ బాడీ బిగించి నంబరు తగిలించి పంపేవాళ్లు. అంటే బస్సు నంబరు ఒకటి, ఒంటి మీది రేకులు మరొకదానివి. మొదటి విడత రూట్‌మాస్టర్లకు పై అంతస్తు ముందు అద్దాలు తెరుచుకునేవి కావు. ఓవర్‌హాల్ తర్వాత అదే బాడీ ఏ నంబరు కిందైనా కనిపించొచ్చు. కాబట్టి నంబరును బట్టి అద్దాలు ఊహించకు, ఫొటో చూసి పెట్టు.

అసలు నన్నడిగితే లండన్ ఎరుపు వదిలెయ్. అందరూ చేసేదే. రంగుల అందం చూడాలంటే లండన్ బయటికి రావాలి. గ్లాస్గోది ఆకుపచ్చ, నారింజ, మీగడ రంగు, మూడూ కలిపి. ఎడిన్‌బరోది ముదురు మంజిష్ఠ ఎరుపు మీద తెలుపు. బర్మింగ్‌హామ్‌ది ముదురు నీలం, మీగడ. సౌత్‌డౌన్ కంపెనీ లేత ఆకుపచ్చకు సాటి నాకైతే ఎక్కడా కనపడలేదు.

ఇక నువ్వున్న మాంచెస్టర్ సంగతే చూడు. 1969 నవంబరు 1న ఆ చుట్టుపక్కల 11 మునిసిపల్ బస్సు సంస్థలు సెల్నెక్ అనే ఒకే సంస్థలో కలిసిపోయాయి. మాంచెస్టర్ ఎరుపు, సాల్ఫర్డ్ ఆకుపచ్చ, బోల్టన్ మెరూన్, రోచ్‌డేల్ నీలం మీగడ, అన్నీ ఒకే గొడుగు కిందికొచ్చాయి. కొత్త లివరీ నారింజ, తెలుపు. అన్ని బస్సులకూ రాత్రికి రాత్రే రంగు వెయ్యలేరు కదా. పాత రంగు అలాగే ఉండగా పైన కొత్త సంస్థ పేరు అంటించుకుని చాలా బస్సులు తిరిగాయి. అలాంటి ఒక సాల్ఫర్డ్ డబుల్ డెక్కర్‌ను చెయ్యి. ఆకుపచ్చ రంగు వెలిసి ఉంటుంది, దాని మీద కొత్త స్టిక్కరు. ఆ కొన్నాళ్లు తప్ప ముందూ వెనకా అలా ఉండని బస్సు. తారీఖు మీద పట్టు దొరకాలంటే అంతకంటే మంచి అభ్యాసం లేదు.

ఇప్పుడు మోడల్ సంగతి. ఫొటో మీద గీతలు లాగి కొలతలు తీస్తున్నావని తెలిసిపోతోంది. దగ్గర నుంచి తీసిన ఫొటోలో బస్సు ముక్కు ఉబ్బుతుంది, వెనక భాగం కుంచించుకుపోతుంది. ముందు తెలిసిన కొలతలు దించు. మామూలు రూట్‌మాస్టర్ పొడవు 27 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 8 అడుగులు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 16 అడుగుల 10 అంగుళాలు. పొడుగు రకానికి ఆ దూరం 19 అడుగుల 2 అంగుళాలు. పెరిగిన 2 అడుగుల 4 అంగుళాలూ నడుమ చిన్న కిటికీగా కనిపిస్తాయి, పైనా కిందా. నీ బొమ్మలో చిన్న కిటికీ లేదు కానీ బస్సు మాత్రం సాగినట్టుంది. రెండు రకాలూ కలగలిశాయి.

మిర్రర్ మోడిఫయర్ కనపడగానే చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. సగం గీసి మిగతా సగం అద్దంలోలా తిప్పేస్తే ఈ బస్సులు కుదరవు. డ్రైవరు గది కుడివైపు, ఇంజను బానెట్ ఎడమవైపు. వెనక ఎడమ మూల ఎక్కే గడప తలుపు లేకుండా తెరిచే ఉంటుంది. అదే ఎత్తులో కుడివైపు మెట్లు చుట్టు తిరుగుతాయి కాబట్టి అక్కడ కిటికీ బదులు రేకే ఉంటుంది. పైకప్పు, పై అంతస్తు కిటికీలు అద్దంలో తిప్పు, తప్పులేదు. కింది అంతస్తు రెండు పక్కలూ విడివిడిగా చెయ్యి.

ఇంకోటి, ఆ తుప్పు తీసేయ్. రూట్‌మాస్టర్ ఒళ్లు అల్యూమినియం, దానికి ఎర్ర తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది? పాతబడినట్టు కనపడాలంటే వెనక డీజిల్ మసి, చక్రాల వెనక బురద చింది ఎండిన చారలు, జనం పట్టుకుని ఎక్కే కడ్డీ దగ్గర రంగు అరుగుదల పెట్టు.

రంగు దగ్గర అసలు ఇబ్బంది నీ కంటిది కాదు, సెట్టింగ్‌ది. బ్లెండర్ 4.0 నుంచి మామూలుగా ఉండే ఏజీఎక్స్ అనే వ్యూ (తెర మీద రంగులు చూపించే పద్ధతి) ముదురు ఎరుపును పాలిపోయేలా చూపిస్తుంది. నువ్వేమో ఎరుపు చాల్లేదని ఇంకాస్త పెంచుతావు. లివరీ సరిచూసేటప్పుడు స్టాండర్డ్‌కు మార్చు, రెండర్‌కు మళ్లీ వెనక్కి రా. పాత కలర్ స్లయిడ్లను కూడా గుడ్డిగా నమ్మొద్దు. కోడక్రోమ్ ఫిల్ము రంగు నిలబెట్టుకుంటుంది, పాత ఎక్టాక్రోమ్ గులాబీ వైపు తిరిగిపోతుంది. అదే ఫొటోలో రోడ్డు, ఆకాశం, తెల్ల చొక్కా ఏ రంగులో ఉన్నాయో చూసుకుని అప్పుడు బస్సు రంగు తియ్యి.

రంగు మారే గీత ఎక్కడుండాలో రేకు మీది బీడింగ్ (సన్నటి ఉబ్బెత్తు పట్టీ) చెబుతుంది. పెయింటరు బీడింగ్ అంచు దాకా వేసి ఆపేవాడు. నీ మీగడ పట్టీ బీడింగ్‌కు ఒక వేలెడు పైన తేలుతోంది, స్టిక్కరులా ఉంది. బీడింగ్‌ను నిజంగా మోడల్ చెయ్యి, టెక్స్చర్‌లో (మోడల్ మీద అతికే బొమ్మలో) నీడ గీస్తే చాలదు.

అక్షరాల గురించి చిన్న లెక్క. బస్సు పక్క మొత్తం టెక్స్చర్‌లో 4096 పిక్సెళ్లలో ఇరికిస్తే పిక్సెలుకు సుమారు 2 మిల్లీమీటర్లు. ఎడమవైపు కింద రాసే యజమాని సంస్థ పేరు, చిరునామా అంగుళం ఎత్తు అనుకో, దానికి వచ్చేవి 12 పిక్సెళ్లే. చదవడానికి రాదు. అలాంటి చిన్న రాతలకు విడిగా డెకల్ (పైన అంటించే చిన్న బొమ్మ) పెట్టు. లండన్ బస్సుకైతే ఆ సంస్థ సొంత ఫాంటు జాన్‌స్టన్ అక్షరాలు వాడు, దగ్గరగా ఉందని వేరే ఫాంటు పెట్టకు.

చీతమ్ హిల్‌లో గ్రేటర్ మాంచెస్టర్ మ్యూజియం ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ ఉంది కదా, ఒక ఆదివారం వెళ్లు. టేపు పట్టుకెళ్లి, అక్కడివాళ్లను అడిగి బీడింగ్ వెడల్పు, మెట్ల ఎత్తు కొలుచుకో. ముందు భాగం ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. నీకు కావాల్సింది మెట్ల కింది మూల, వెనక గడప లోపలి గోడ, చక్రం లోపలి వైపు. అయితే మ్యూజియం బస్సులు మళ్లీ రంగు వేయించుకున్నవి, కొన్ని అప్పటి తమ లివరీలో ఉండకపోవచ్చు. కొలతలకు బస్సును నమ్ము, రంగుకు పాత ఫొటోను నమ్ము.

ఈ పిచ్చి నాకెలా పట్టిందని మొన్న అడిగావు. సికింద్రాబాద్ నుంచి జూపార్కు వెళ్లే 7జెడ్ డబుల్ డెక్కర్ పైన ముందు సీటు కోసం కొట్టుకున్నవాళ్లం మేము. మద్రాసులో అశోక్ లేలాండ్ చేసిన టైటాన్ కూడా లాంకషైర్‌లో లేలాండ్ చేసిన టైటాన్ డబుల్ డెక్కర్ సంతతే. మాంచెస్టర్ టైటాన్ మొదలుపెడితే నాకు చెప్పు, దాని మీద నాకు అభిప్రాయాలు చాలా ఉన్నాయి.

అన్నట్టు, ఈ మోడళ్లు అమ్మకానికి పెట్టాలనుకుంటే లండన్ రవాణా సంస్థ గుండ్రటి గుర్తు రిజిస్టరైన ట్రేడ్‌మార్క్. అనుమతి లేకుండా పెట్టకు. సరదాకు చేసి స్నేహితులకు చూపించుకోవడం వేరు.

సాల్ఫర్డ్ బస్సు ఫొటో దొరికితే మోడల్ కంటే ముందు అది నాకు పంపు.

మీ మావయ్య